పాత కారు ఇంజిన్ రంగు: కాస్టిక్ తొట్టిలో ముంచే ముందు

బరంపురమైనా, పర్లాకిమిడైనా, రాయగడైనా, పాత అంబాసిడరో పద్మినియో బాగుచేయించుకునేవాళ్ల ప్రశ్న ఒకటే. "ఏటి బాబూ, ఇంజిన్‌కి ఏ రంగు వేయించమంటారు?" అడిగేసరికి ఇంజిన్ బ్లాక్ (సిలిండర్లుండే ఇనుప దిమ్మ) పాత రంగు, జిడ్డు వదిలించే కాస్టిక్ సోడా తొట్టిలో మునిగి, బోడి ఇనుమై పైకి తేలి ఉంటుంది. ఇంక చెప్పడానికేముంది? జవాబు ఆ తొట్టి అడుగున మడ్డిలో కలిసిపోయింది.

అపోహ: "ఇప్పుడు పైకి కనిపించేదే కంపెనీ రంగు. ఫోన్లో ఫోటో ఉంది, చాలు."

వాస్తవం: అందరి చేతా ఎక్కువ డబ్బు వదిలించేది ఈ మాటే. యాభై ఏళ్ల ఇంజిన్ ఒక్కసారైనా బోరింగ్‌కి (అరిగిన సిలిండర్లు కోయించడానికి) వెళ్లి ఉంటుంది. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు షెడ్డులో ఏ డబ్బా మూత తీసి ఉంటే ఆ రంగు ఒక కోటు పడుతుంది. మీరు ఫోటో తీసుకున్నది ఆ డబ్బా రంగు.

అసలు రంగును ఇంజిన్ కడగక ముందే వెతకాలి. కిరోసిన్, మెత్తటి బ్రష్షు చాలు. గీకుడు బ్లేడు, వైర్ బ్రష్షు ముట్టుకోవద్దు. తర్వాతి మేస్త్రీల బ్రష్షు దూరని చోట్లు చూడండి: మానిఫోల్డ్ (పొగ గొట్టాలు కలిసే చోటు) వెనక బ్లాక్ గోడ, డైనమో బ్రాకెట్ కింద, ఇంజిన్ మౌంటింగ్ ప్లేటు ఆనుకునే చోటు, డిస్ట్రిబ్యూటర్ క్లాంపు కింద, సైడ్ కవర్ అంచు. బ్రాకెట్ కింద రంగేమీ లేక ఇనుమే కనిపిస్తే కంగారు పడొద్దు. భాగాలన్నీ బిగించాకే ఫ్యాక్టరీలో రంగు కొట్టారని దానర్థం కావచ్చు. అప్పుడు బ్రాకెట్ అంచు వెంబడి, బోల్టు తల పక్క సందులో చూడాలి.

దొరికిన చోట రూపాయి బిళ్లంత మేర 400 నంబరు వాటర్ పేపరుతో, సబ్బు నీళ్లతో, గుండ్రంగా తేలిగ్గా రుద్దండి. పొరలు తెగుతుంటే 800కి, ఆ తర్వాత 1000కి మారండి. ఉల్లిపాయ అడ్డంగా కోసినట్టు వలయాలు తేలతాయి. బయటి వలయం అన్నిటికంటే కొత్త కోటు, లోహాన్ని అంటుకుని ఉన్నది అన్నిటికంటే పాతది. ఆ లోపలిది ఎర్రమన్ను రంగులో ఉంటే అది రెడాక్సైడ్ ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు కోటు), దాని పైది చూడండి. ఒక్కచోట చూసి తేల్చేయకండి, కనీసం మూడు చోట్ల ఒకే రంగు రావాలి. మూడూ మూడు రకాలుగా వస్తే ఆ బ్లాక్‌ను ఎప్పుడో అక్కడక్కడ గీకి మళ్లీ వేశారు, లేదా వేర్వేరు ఇంజిన్ల భాగాలు కలిశాయి.

దొరికిన రంగు కూడా వేసిన నాటి రంగు కాదు. నూనె, వేడి కలిసి దాన్ని పసుపు, గోధుమ వైపు లాగేస్తాయి. ఆకుపచ్చ అయితే బురదలా తయారవుతుంది. రబ్బింగ్ కాంపౌండ్‌తో ఆ ముక్కను మెరిసేదాకా తుడిచి, ఆ మెరుపునే మ్యాచింగ్‌కి ఇవ్వాలి. రంగులు కలిపే షాపుకి ఫోటో కాదు, సైడ్ కవరే విప్పి పట్టుకెళ్లండి. కలిపిన రంగును, ఇంజిన్‌కి వాడబోయే ప్రైమరే వేసిన రేకు ముక్క మీద కొట్టించి, ఆరాక, పగటి వెలుగులో పక్కన పెట్టి చూడండి. ట్యూబ్‌లైట్ కింద ఒప్పుకున్న రంగు ఎండలోకి వచ్చాక వేరే రంగవుతుంది.

కాస్టిక్ గురించి ఇంకో మాట. ఫియట్ 1100, పద్మిని ఇంజిన్ల హెడ్ (బ్లాక్ మీద బిగించే పై భాగం) అల్యూమినియం. కాస్టిక్ సోడా ఇనుము జోలికి పెద్దగా పోదు గానీ అల్యూమినియాన్ని తినేస్తుంది. బుడగలు వస్తున్నాయంటే మురికి వదులుతోందని సంబరపడకండి, హెడ్ కరుగుతోంది.

అపోహ: "అంబాసిడర్‌కి ఒకటే ఇంజిన్ రంగు."

ఏ అంబాసిడర్‌కి? పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడాలో 1957లో మొదలై 2014 దాకా నడిచిన బండి అది. బ్రిటన్ కంపెనీ బీఎంసీ వాళ్ల 1489 సీసీ పెట్రోలు, దాని డీజిలు, తర్వాత జపాన్ ఇసుజు 1.8 లీటర్ల పెట్రోలు, అన్నీ ఆ బానెట్ కిందే కూర్చున్నాయి. ముందు ఇంజిన్ నంబరు ఆర్సీతో సరిపోతోందో లేదో చూసుకోండి, ఆ తర్వాతే రంగు మాట. బయటి దేశాల్లోనూ ఇదే తంతు: ఫోర్డ్ వాళ్లు తమ అమెరికా ఇంజిన్లన్నిటికీ ఒకే నీలం పెట్టుకున్నది 1966 మోడళ్ల నుంచే. షెవర్లే స్మాల్ బ్లాక్ ఏళ్ల తరబడి నారింజ రంగులో వచ్చి, 1977 మోడల్‌కి నీలమైంది. బండి తయారైన సాలు (సంవత్సరం) తెలియకుండా రంగు చెప్పేవాడి మాట వినకండి.

అపోహ: "600 డిగ్రీల సిల్వర్ పెయింట్ వేస్తే ఇంజిన్‌కి తిరుగుండదు."

వాస్తవం: సైలెన్సర్‌కి కొట్టే సిలికాన్ అల్యూమినియం పెయింట్ అది. గట్టిపడాలంటే దానికి సుమారు 200 డిగ్రీల వేడి తగలాలి. మానిఫోల్డ్ మీద తగులుతుంది. నీళ్లు తిరిగే బ్లాక్ బయట వేడి 100 డిగ్రీల చుట్టుపక్కలే, కాబట్టి ఆ రంగు ఎన్నాళ్లయినా మెత్తగానే ఉండి, పెట్రోలు గుడ్డ తగిలితే వేలికి అంటుకొస్తుంది. బ్లాక్‌కి ఇంజిన్ ఎనామిల్ గానీ, షేడ్ కలిపించిన టూకే (హార్డెనర్ కలిపి కొట్టే) రంగు గానీ సరిపోతుంది. నాలుగు సిలిండర్ల బ్లాక్, హెడ్, ఆయిల్ చాంబర్ కలిపి అరలీటరు చాలు: ఎపాక్సీ ప్రైమర్ ఒక కోటు, పైన పలచటివి రెండు మూడు, కోటుకీ కోటుకీ పది పదిహేను నిమిషాలు. అల్యూమినియం మీద రంగు వేయాల్సి వస్తే ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కాస్త కొరికి పట్టుకునేది). టూకే హార్డెనర్‌లో ఊపిరితిత్తులకి హాని చేసే ఐసోసైనేట్ ఉంటుంది, ముఖానికి తువాలు చుట్టుకుంటే ఆగదు. బయటి నుంచి మంచి గాలి అందించే మాస్కు మేలు; కనీసం ఆర్గానిక్ వేపర్ (రసాయన ఆవిరి) కార్ట్రిడ్జ్, తుంపరలాపే ఫిల్టరు రెండూ ఉన్న మాస్కయినా పెట్టుకోవాలి.

రంగు ఊడిపోవడానికి కారణం తరచూ వేడి కాదు, నూనె. పోత ఇనుము రంధ్రాల్లో నూనె దాచుకుంటుంది. థిన్నర్‌తో తుడిచాక బ్లాక్‌ను ఎండలో పెట్టండి. కాసేపటికి చెమట పట్టినట్టు మళ్లీ నూనె తేలుతుంది, మళ్లీ తుడవండి. తెల్లగుడ్డ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. గోపాల్‌పూర్ సముద్రపు గాలి తగిలే ఊళ్లలో బోడి ఇనుము రాత్రికి రాత్రే తుప్పెక్కుతుంది, కాబట్టి ప్రైమర్ అదే రోజు పడాలి. వానాకాలంలో ముసురు రోజున స్ప్రే గన్ పట్టుకోవద్దు.

అపోహ: "నలుపు వేస్తే ఇంజిన్ వేడెక్కుతుంది."

ఎక్కదు. ఇంజిన్ని చల్లబరిచేది రేడియేటరు. వేడెక్కుతుంటే థర్మోస్టాట్, నీళ్ల దారులు చూడండి, రంగు డబ్బా కాదు.

అపోహ: "ఇంజిన్ రంగు మారిస్తే ఆర్టీఓ కేసు."

ఆర్సీలో రాసేది బండి రంగు, ఇంజిన్ రంగు కాదు. భయపడాల్సింది ఇంజిన్ నంబరుకి. దాని మీద పుట్టీ పడినా, గ్రైండర్ తగిలినా తిప్పలు మీవే. మాస్కింగ్ టేపు మొదట అక్కడ అంటించండి. యాభై ఏళ్లు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలంటే ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు.

రెండో టేపు ఎర్త్ పట్టీ (ఇంజిన్‌కీ బాడీకీ మధ్య కరెంటు దారి) కూర్చునే చోట, మూడోది టెంపరేచర్ సెండర్ (మీటరుకి వేడి చెప్పేది) మరలో. రంగు కరెంటుకి అడ్డం పడుతుంది. రంగేసిన ఇంజిన్ బిగించాక సెల్ఫ్ "టక్" మని ఆగిపోతే బ్యాటరీ మార్చేయకండి. ముందు ఆ పట్టీ కింద రంగుందేమో గీకి చూడండి.