ఐరన్‌మ్యాన్ ట్రయథ్లాన్: నేను రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

హైదరాబాద్‌లో ట్రయథ్లాన్ కోచింగ్ ఇస్తుంటాను. ఐరన్‌మ్యాన్ అంటే ఒకే రోజు వరసగా 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైక్లింగ్, ఆపైన 42.2 కిలోమీటర్ల పరుగు, అన్నీ కలిపి 17 గంటల్లో పూర్తి చేయాలి. ఈ లెక్క వినగానే చాలామందికి గుండె జారిపోతుంది. ఆ భయంలోంచే అపోహలన్నీ పుట్టుకొస్తాయి.

అపోహ: రోజూ ఒళ్ళు హూనమయ్యేలా ప్రాక్టీస్ చేస్తేనే పని అవుతుంది

కొత్తవాళ్ళను ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ప్రాక్టీస్‌లో ఎక్కువ భాగం పక్కవాళ్ళతో మాట్లాడుతూ చేయగలిగేంత నెమ్మదిగా సాగాలి. కొవ్వును ఇంధనంగా వాడుకోవడం శరీరానికి అలా అలవాటవుతుంది, కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి. గట్టి సెషన్లు వారానికి ఒకటో రెండో చాలు. రోజూ ఆయాసపడేవాళ్ళు మోకాలి నొప్పితోనో నిద్ర పట్టకో మధ్యలోనే ఆగిపోతారు. నెమ్మదిగా వెళ్ళమని ఒప్పించడమే నా పనిలో అన్నిటికన్నా కష్టం.

రేసుకు ముందు ఒక్కసారైనా ఫుల్ మారథాన్ పరుగెత్తి చూసుకోవాలన్నదీ ఇలాంటిదే. 28 నుంచి 30 కిలోమీటర్ల లాంగ్ రన్ సరిపోతుంది. ఆపైన పరుగెత్తితే కోలుకోవడానికే రోజులు పోతాయి. అంతకన్నా సైకిల్ దిగీ దిగగానే 20 నిమిషాలు పరుగెత్తే 'బ్రిక్' వర్కవుట్ వారం వారం చేయండి. మొదట్లో కాళ్ళు మనవి కావేమో అనిపిస్తుంది. ఆ బరువు రేసు రోజు కొత్తగా తెలియకూడదు.

అపోహ: నీళ్ళు ఎంత తాగితే అంత మంచిది

దీన్ని నమ్మితే ప్రాణం మీదికి వస్తుంది. మా బ్యాచ్‌లో ఒకాయన నాలుగు గంటల రైడ్‌కు ముందు 68.4 కిలోలు ఉన్నారు, తిరిగొచ్చాక 69.1. తలనొప్పి, వికారం, ఉంగరం బిగుసుకుపోయేలా ఉబ్బిన వేళ్ళు. నీరసం అనుకుని ఇంకో బాటిల్ మూత తీస్తుంటే ఆపాను. చెమటలో పోయిన ఉప్పు పోగా, మిగిలింది మరీ ఎక్కువ నీళ్ళలో పలచబడిపోతే రక్తంలో సోడియం పడిపోతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి, ప్రాణమే పోవచ్చు. అందుకే దాహాన్ని బట్టి తాగండి. లాంగ్ రైడ్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కొద్దిగా తగ్గితే ఫర్వాలేదు, పెరిగితే మాత్రం అవసరానికి మించి తాగినట్టే.

తిండి విషయంలో తప్పు దీనికి తలకిందులు. ఆకలేసేదాకా ఆగుతారు. గంటకు 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఒక అరటిపండులో ఉండేది దాదాపు 25 గ్రాములే. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప, ఖర్జూరం, ప్యాకెట్‌లో వచ్చే ఎనర్జీ జెల్, ఏదైనా సరే, రేసు రోజు తినబోయేదాన్ని నెలల ముందే సైకిల్ మీద తిని చూడండి. కాళ్ళలాగే కడుపుకూ ట్రైనింగ్ కావాలి.

అపోహ: లక్షల సైకిల్ కావాలి, పైగా వయసైపోయింది

మొదటి రేసుకు మీ ఒంటికి సరిగ్గా ఫిట్ చేయించిన మామూలు రోడ్ బైక్ చాలు. పంక్చరైతే ట్యూబ్ మార్చుకోవడం మీకే రావాలి, బయటివాళ్ళ సాయం తీసుకోవడం నిబంధనలకు విరుద్ధం. వయసంటారా, అమెరికాకు చెందిన క్రైస్తవ సన్యాసిని సిస్టర్ మడోనా బ్యూడర్ 2012లో 82 ఏళ్ళకు ఐరన్‌మ్యాన్ కెనడా పూర్తి చేశారు. జపాన్‌కు చెందిన హిరోము ఇనాడా 2018లో 85 ఏళ్ళకు హవాయిలో జరిగే ఐరన్‌మ్యాన్ పూర్తి చేశారు.

అపోహ: చిన్నప్పుడు ఈత నేర్చుకోనివాళ్ళ వల్ల కాదు

ఆయాసమొచ్చేది బలం లేక కాదు, నీళ్ళలో ఊపిరి బిగబట్టడం వల్ల. ముఖం నీళ్ళలో ఉన్నంతసేపూ ముక్కుతో బుడగలు వదులుతూ ఉంటే, తల తిప్పినప్పుడు గాలి దానంతటదే లోపలికొస్తుంది. ఇదొక్కటి పట్టుబడితే 25 మీటర్ల పూల్‌లో 152 లెంగ్త్‌ల దాకా, అంటే 3.8 కిలోమీటర్ల దాకా, ఓపిగ్గా పెంచుకుంటూ వెళ్ళొచ్చు. సముద్రంలో అడుగున గీత ఉండదు కాబట్టి, మధ్యమధ్య కళ్ళు మాత్రం పైకెత్తి ఎదురుగా ఉన్న గుర్తును చూడటం పూల్‌లోనే సాధన చేయండి. విశాఖ తీరంలో కెరటాల కింద మనిషిని లోపలికి లాగేసే ప్రవాహం బలంగా ఉంటుంది, ఎంత ఈత వచ్చినా ఒంటరిగా మాత్రం దిగకండి.