పసుపు రంగుకీ ఊదా రంగుకీ మధ్య

నెల్లూరు

పిల్లలూ,

చెట్లు నాటితే ఊరి గాలి బాగుపడుతుందా తాతయ్యా అని అడిగారు మీరు. నాటాల్సిందే. వేప, గానుగ, రావి ఆకులు రోడ్డు దుమ్మును కొంత పట్టి ఉంచుతాయి. నీడ ఉన్న దారిలో మనుషులు నడుస్తారు కూడా. అయితే ఊరి గాలి ఎలా ఉండబోతోందో చెట్టు నాటడానికి పదీ ఇరవై ఏళ్ల ముందే, ఊరి మ్యాపు గీసే బల్ల మీద చాలావరకు తేలిపోతుంది. నా ఉద్యోగమంతా ఆ బల్ల దగ్గరే గడిచింది గనక, ఈ సంగతి మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను టౌన్ ప్లానింగులో ట్రేసర్‌గా చేరాను. అప్పట్లో కంప్యూటర్లు లేవు. ట్రేసింగ్ క్లాత్ మీద నల్ల ఇంకుతో గీసి, అమ్మోనియా ప్రింట్లు తీసి, వాటికి రంగులు వేసేవాళ్లం. ఇళ్లు రావాల్సిన చోట పసుపు, అంగళ్లకు నీలం, మిల్లులకూ ఫ్యాక్టరీలకూ ఊదా, ఆఫీసులకూ బళ్లకూ ఎరుపు, పార్కులకూ తోపులకూ ఆకుపచ్చ. ఏ సర్వే నంబరుకు ఏ రంగు పడితే ఆ భూమి ధర అట్లా మారిపోతుంది. అందుకే ఆ కాగితం చుట్టూ ఎప్పుడూ జనం ఉండేవాళ్లు. ధర గురించి మాట్లాడేవాళ్లే అందరూ. ఈ రంగు పక్కన ఆ రంగు పడితే అక్కడ పెరగబోయే పిల్లలు ఏ గాలి పీలుస్తారు అన్న మాట మాత్రం వినపడేది కాదు.

మన దగ్గరి సంగతే ఒకటి చెబుతాను. ఉప్పుడు బియ్యం చేసే మిల్లులో వడ్లు ఉడకబెట్టాలి, ఆరబెట్టాలి. అందుకు కావలసిన ఆవిరి కోసం బాయిలర్లో ఊకనే కాలుస్తారు. ఊకలో అయిదో వంతు దాకా బూడిదగా మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా. గొట్టం దగ్గర దుమ్ము పట్టే ఏర్పాటు సరిగా లేకపోతే అది నుసిగా పైకి లేస్తుంది. మిల్లుకు దగ్గర్లో ఉండే వాళ్ల మిద్దె మీద రాత్రి ఆరేసిన తెల్ల చొక్కాను పొద్దున్నే దులపకుండా, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూడండి. గుండుసూది మొనంత నల్లటి రేకులు కనిపిస్తాయి. వేలితో తీయబోతే ఊడిరావు, నలిగి చారగా సాగుతాయి. కాలరు మడతలో ఇంకా ఎక్కువ ఉంటాయి. ఇంతా చేసి, కంటికి కనిపించే ఈ రేకులు బరువైనవి. చాలావరకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉండే కణాలు, వాటినే పీఎం 2.5 అంటారు, ఊపిరితిత్తుల లోలోపలికి వెళ్తాయి, వాటిలో మరీ సన్నవి రక్తంలో కూడా కలుస్తాయి. చొక్కా మీద వాటి ఆనవాలు కూడా ఉండదు.

ఆ మిల్లు కట్టినప్పుడు చుట్టూ పొలాలే. ఊరికి దూరంగానే పెట్టారు, పద్ధతిగానే పెట్టారు. మిల్లు పక్కన నేల చవక కాబట్టి తర్వాత్తర్వాత అక్కడ లేఅవుట్లు పడ్డాయి. నెలనెలా వాయిదాలు కట్టి స్థలం కొనుక్కున్న గుమస్తాలు, మేస్త్రీలు ఇళ్లు కట్టుకున్నారు. పదేళ్లకు ఫిర్యాదులు మొదలయ్యాయి. మిల్లు యజమానిదా తప్పు, ఇల్లు కట్టుకున్నవాళ్లదా? ఇద్దరిదీ కాదంటాను నేను. ఊదా రంగుకు అంటుకుని పసుపు వేసిన కాగితంలో ఉంది ఆ తప్పు. రెంటి మధ్య ఒక తోపు పట్టేంత ఆకుపచ్చ పట్టీ వదిలి ఉంటే, గోదాములనో, బండ్లు నిలిపే జాగానో పెట్టి ఉంటే సరిపోయేది. ఇప్పుడు మిల్లును ఎత్తించాలన్నా, ఇళ్లు ఖాళీ చేయించాలన్నా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఇక బండ్ల సంగతి. ఊళ్లో పొగకు ఇది పెద్ద కారణం, దీనికీ మూలం మ్యాపులోనే ఉంది. ఊరికి ఏడెనిమిది కిలోమీటర్ల అవతల పొలాల్లో వందల ప్లాట్లు వేశారనుకోండి. అక్కడ అంగడి లేదు, బడి లేదు, ఆస్పత్రి లేదు. అంతా పసుపే. అక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబం పాల ప్యాకెట్టుకు కూడా మోటారు సైకిల్ తీయాలి. పిల్లలకు స్కూలు వ్యాను, ఇంటాయనకు ఒక బండి, ఇల్లాలికి ఒక స్కూటీ, పెద్దవాళ్లను ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఆటో. వాళ్లకు బండ్ల మీద సరదా ఉండి కాదు, మ్యాపు వాళ్లకు వేరే దారి ఇవ్వలేదు.

2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లు, అంటే పొగను ఇంకా తగ్గించే కొత్త ప్రమాణం ప్రకారం చేసిన బండ్లు వచ్చాయి. పెట్రోలు, డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది. ఇది నిజంగా పెద్ద మేలు. కానీ ఒక్కో బండి పొగ తగ్గినా, బండ్లూ పెరిగి, ఒక్కో బండి తిరిగే దూరమూ పెరిగితే ఆ మేలంతా కరిగిపోతుంది. కరెంటు బండ్లకు పొగ గొట్టం ఉండదు, సంతోషమే. అయినా టైరు అరుగుతుంది, బ్రేకు అరుగుతుంది, రోడ్డు అంచున మట్టి లేస్తుంది. ఆ దుమ్ము బ్యాటరీ బండికైనా డీజిల్ బండికైనా తప్పదు. కాబట్టి బండి మార్చడంతో పాటు దూరం తగ్గించాలి. మన మూలాపేట, స్టోన్‌హౌస్‌పేట లాంటి పాత పేటల్ని చూడండి. ఇల్లు, అంగడి, బడి, గుడి అన్నీ నడిచిపోయే దూరంలో. ఆ సందులు ఇరుకే, కాలవల కష్టాలు వేరే ఉన్నాయి. కానీ అక్కడ ఉప్పు కోసం ఎవరూ బండి స్టార్ట్ చేయరు. కొత్త లేఅవుట్లు వెడల్పు రోడ్లు నేర్చుకున్నాయి గానీ, ఈ దగ్గరితనాన్ని వదిలేశాయి.

బస్సు కూడా మ్యాపును బట్టే నడుస్తుంది. ఇళ్లు ఒక దారి వెంట గుమిగా ఉంటే స్టాపుకు నలభై మంది వస్తారు, బస్సు పావుగంటకొకటి నడుస్తుంది. అవే ఇళ్లు నాలుగు దిక్కులా చెదిరితే స్టాపుకు నలుగురే. ఆ ట్రిప్పు కొన్నాళ్లకు ఎత్తేస్తారు. ఎత్తేశాక ఆ నలుగురూ బండ్లు కొంటారు. బ్రెజిల్‌లో కురిటీబా అనే ఊరు 1974లో బస్సుల కోసమే ప్రత్యేక దారులు మొదలుపెట్టింది. ఆ దారుల పక్కనే ఎత్తయిన కట్టడాలకు అనుమతులిచ్చి, దూరం పోయేకొద్దీ ఎత్తు తగ్గించింది. బస్సు ఎక్కేవాళ్లను బస్సు దారిలోనే కాపురం పెట్టించిందన్నమాట. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు ఎక్కాలనుకునే వాళ్లు ఇంతమంది ఉన్నారని దానితో తెలిసింది. ఈ అదనుకు తగ్గట్టు బస్సులు పెంచి, కొత్త ఇళ్లను బస్సు దారుల వెంట రానిస్తే, మినీ బైపాస్ మీద సాయంత్రం పూట ఆగే బండ్ల వరస ఎంత తగ్గుతుందో నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

ఊరు ఒక్కటే బాగుపడాలనుకుంటే కుదరదు. గాలికి మునిసిపాలిటీ హద్దు తెలియదు. ముత్తుకూరు వైపు సముద్రపు ఒడ్డున బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాలున్నాయి. నేలటూరులోని దామోదరం సంజీవయ్య కేంద్రంలోనే 800 మెగావాట్ల యూనిట్లు మూడు. బొగ్గు కాలితే వచ్చే గంధక వాయువు గాలిలోనే సన్నటి కణాలుగా మారి వందల కిలోమీటర్లు పోగలదు. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తిరిగిందంటే మనకు ప్రాణం లేచొస్తుంది కదా, ఒడ్డున ఉన్న పొగ లోపలికి వచ్చేది కూడా ఆ గాలితోనే. రాత్రి నేల గాలి సముద్రం వైపు వీచి ఊళ్ల పొగను అటు తీసుకెళ్తుంది. ఒక్కోసారి మర్నాడు అదే తిరిగి వస్తుంది. చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి కదలక నిలిచిపోతే, ఉన్న పొగ ఉన్నచోటే కూర్చుంటుంది.

మన పొరుగున ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ లోకమంతా పోతుంది. క్వారీ దుమ్ము ఒక ఎత్తు, రాయి కోసి పాలిష్ పట్టే చోట నీళ్లతో వచ్చే బురద ఆరి పొడిగా లేవడం ఇంకో ఎత్తు. రాళ్లెత్తిన లారీలు నడిచే దారి పక్కన ఏ చెట్టు ఆకునైనా వేలితో గీయండి, మీ పేరు రాసుకోవచ్చు. ఆ జిల్లాలోనూ మన జిల్లా మెట్ట మండలాల్లోనూ పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే సీజన్లో బ్యారన్లు అనే కొట్లు కట్టెల మీద రాత్రీ పగలూ మండుతాయి. వరికోత మిషన్లు వచ్చాక పొలంలో మిగిలే గడ్డికి నిప్పు పెట్టడం మరొకటి. వీటిలో ఏ ఒక్కటీ ఒంగోలు, నెల్లూరు కార్పొరేషన్ల చేతిలో లేదు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం జాబితాలో మన రాష్ట్రం నుంచి 13 ఊళ్లు ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు రెండూ ఉన్నాయి. పీఎం 10ను, అంటే పీఎం 2.5 కంటే కాస్త పెద్ద కణాలను కూడా కలుపుకున్న దుమ్మును, ఏడాది సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల లోపు ఉంచాలన్నది మన దేశపు ప్రమాణం. ఈ కార్యక్రమం డబ్బులో పెద్ద వాటా రోడ్డు దుమ్ము మీదే ఖర్చవుతోంది. ఊడ్చే మిషన్లు మంచివే. కానీ జిల్లాల స్థాయిలో క్వారీ ఎక్కడ, రైలు ఎక్కడ, ఇళ్లు ఎక్కడ అని కలిపి ఆలోచించే బల్ల ఒకటి లేకపోతే, ఊడ్చిన చోటే మళ్లీ ఊడుస్తూ ఉండాలి.

కలిపి ఆలోచిస్తే ఏమవుతుందో మన కళ్ల ముందే ఒక మంచి పని ఉంది. 2019లో ఓబులవారిపల్లె నుంచి వెంకటాచలం దాకా రైలు మార్గం మొదలైంది. వెలిగొండ కొండల్లో ఆరున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వారు దానికోసం. రాయలసీమకూ కృష్ణపట్నం పోర్టుకూ మధ్య సరుకు ఇప్పుడు దగ్గరి దారిలో పోవచ్చు. ఒక గూడ్సు బండి మూడున్నర వేల టన్నుల దాకా లాగుతుంది. అదే సరుకు రోడ్డు మీద పోవాలంటే వందకు పైగా లారీలు కావాలి. అన్ని లారీల డీజిల్, టైర్లు, దుమ్ము మీరే లెక్క వేసుకోండి.

బడుల విషయంలో మాత్రం నాకు బాధగా ఉంటుంది. బండ్ల పొగ రోడ్డు అంచున చిక్కగా ఉండి, 150 నుంచి 300 మీటర్ల దూరం పోయేసరికి బాగా పలచబడుతుంది. అందుకే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2003లోనే పెద్ద హైవేలకు 500 అడుగుల లోపల కొత్త ప్రభుత్వ బడులు కట్టకుండా చట్టం చేసింది. మన దగ్గర హైవే మీదికి కనిపించడమే బడికి గొప్ప అనుకుంటున్నారు. ఆటస్థలం కూడా రోడ్డు వైపే. పరుగెత్తే పిల్లలు మామూలు కంటే ఎక్కువ గాలి పీలుస్తారు. బడి అక్కడి నుంచి కదలకపోయినా, ఆటస్థలాన్ని వెనక్కి, బండ్లు నిలిపే జాగాను ముందుకు మార్చవచ్చు కదా. ఈ మాట మీ హెడ్మాస్టరు గారితో మీరే చెప్పండి. మీరు అడిగితే వింటారు.

రామాయపట్నంలో పోర్టు వస్తోంది. దాని చుట్టూ ఇంకా చాలా రంగులు పడాల్సి ఉంది. అక్కడ పనిచేసేవాళ్లు ఎక్కడ ఉంటారు, ఒంగోలు నుంచీ కావలి నుంచీ రోజూ బస్సులో వస్తారా, రైల్లో వస్తారా, తలా ఒక బండి మీదా అన్నది ఇప్పుడే తేల్చాలి. ఏ పట్టణానికైనా మాస్టర్ ప్లాన్, అంటే ఈ రంగుల మ్యాపు, ముసాయిదా తయారయ్యాక నోటీసు వేసి, అభ్యంతరాలు, సలహాలు అడుగుతారు. ఎవరైనా రాయవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. గడువు నోటీసులోనే ఉంటుంది. వెళ్లి మ్యాపు చూడండి. ముందు మీ బడి, మీ ఇల్లు వెతకండి. దాని పక్కన ఏ రంగు ఉందో, బస్సు దారి ఎంత దూరమో, నడిచి అంగడికి పోగలరో లేదో చూడండి. అర్జీలో సర్వే నంబరు తప్పకుండా రాయండి, లేకపోతే గుమస్తా ఆ కాగితాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక పక్కన పెట్టేస్తాడు. ఇచ్చాక రసీదు తీసుకోండి. మ్యాపు చదవడం రాకపోతే ఆదివారం మా ఇంటికి రండి, నేర్పిస్తాను.

ఆశీస్సులతో,
మీ తాతయ్య