రెండు మాటల పలకరింపును పరిశోధకులు పట్టించుకోవడానికి ఇంతకాలం ఎందుకు పట్టింది

మనుషుల మధ్య ఉండడానికీ బాగుండడానికీ సంబంధం ఉందని చెప్పడానికి శాస్త్రవేత్త అక్కర్లేదు. కానీ దాన్ని లెక్కల్లో చూపించే పని మొదలైంది మాత్రం చావుల దగ్గర. 1897లో ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ ఆత్మహత్యల గణాంకాలు ముందేసుకుని, పూర్తిగా సొంత విషయంలా కనిపించే ఆ చర్యకు కుటుంబంతో, సమాజంతో ఉన్న ముడి తెగిపోవడం కూడా కారణమని వాదించాడు. ఆయన లెక్కలను తర్వాతివాళ్లు చాలా తప్పుపట్టారు గానీ, ప్రశ్న మాత్రం నిలబడింది.

దానికి గట్టి జవాబు రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది. 1965లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం అలమేడా కౌంటీలో దాదాపు ఏడు వేల మందిని కొన్ని మామూలు ప్రశ్నలు అడిగారు: పెళ్లయిందా, స్నేహితులనూ బంధువులనూ ఎంత తరచుగా కలుస్తారు, చర్చికి వెళ్తారా, ఏదైనా సంఘంలో ఉన్నారా. తొమ్మిదేళ్లపాటు వాళ్లలో ఎవరు బతికి ఉన్నారో, ఎవరు పోయారో చూశారు. లీసా బర్క్‌మన్, లెనర్డ్ సైమ్ 1979లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, బాగా కలివిడిగా ఉన్నవాళ్లతో పోలిస్తే దాదాపు ఎవరితోనూ సంబంధాల్లేని మగవాళ్లలో చావు ముప్పు 2.3 రెట్లు, ఆడవాళ్లలో 2.8 రెట్లు ఉంది. ఒంట్లో బాగోక నలుగురిలోకి రాలేనివాళ్లే ముందు పోయి ఉంటారు కదా అన్న అనుమానం సహజం. అందుకే మొదట్లో ఎవరి ఆరోగ్యం ఎలా ఉందో, ఎవరు పొగ తాగేవాళ్లో కూడా లెక్కలోకి తీసుకున్నారు. అయినా తేడా పోలేదు. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, మూడు లక్షల మందికి పైగా జనాన్ని కలిపి చూసినప్పుడూ విషయం అటే మొగ్గింది.

అలమేడా ప్రశ్నలు మరోసారి చూడండి. భార్యాభర్తలు, స్నేహితులు, బంధువులు, సంఘాలు. రోజూ బస్సులో కనిపించే మనిషి, కౌంటర్ వెనక చిల్లర ఇస్తూ "ఇవాళ ఆలస్యమైందే" అనే మనిషి వాటిలో లేరు. పరిచయస్తుల విలువను 1973లో అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానవెటర్ ఎత్తిచూపాడు, అదీ ఉద్యోగాల సంగతిలో: పని దొరికిన కబురు చాలాసార్లు దగ్గరివాళ్ల నుంచి కాక ముఖపరిచయం ఉన్నవాళ్ల నుంచే వస్తోందని. మనసుకు వాళ్లేం చేస్తారన్నది ఆయన ప్రశ్న కాదు.

ఆ ప్రశ్నకు జవాబులు 2014లో వచ్చాయి. మనస్తత్వ పరిశోధకులు జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ కొందరి చేతికి క్లిక్కర్లు (నొక్కిన ప్రతిసారీ లెక్క పెంచే చిన్న పరికరాలు) ఇచ్చి, రోజంతా ఎవరితో మాట్లాడినా నొక్కమన్నారు. దగ్గరివాళ్లయితే ఒకటి, ముఖపరిచయమే అయితే ఇంకొకటి. రెండో లెక్క మామూలు కంటే పెరిగిన రోజున మనిషి కాస్త హుషారుగా ఉన్నట్టు తేలింది. అదే ఏడాది నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో రైలు ప్రయాణికుల్లో కొందరిని పక్కనున్న కొత్తవాళ్లతో మాట్లాడమన్నారు. మాట్లాడినవాళ్లకే ప్రయాణం హాయిగా సాగింది. జనం ముందుగా వేసుకున్న అంచనా మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు! నాకైతే ఆ రెండో సంగతే ముఖ్యమనిపిస్తుంది. మనకు నచ్చేదేదో మనకే తెలియకపోతే, అది పోతున్నా గొడవ చెయ్యం.

పోవడం ఎప్పుడో మొదలైంది కూడా. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ సెల్ఫ్ సర్వీస్ దుకాణం, అంటే సరుకులు అడగక్కర్లేకుండా కొనేవాళ్లే తీసుకునేది, తెరిచాడు. 1967లో లండన్ శివార్లలో బార్‌క్లేస్ బ్యాంకు క్యాష్ మిషన్ పెట్టింది. ఆ తర్వాత అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. ఇందులో కుట్రేం లేదు. క్యూలు తగ్గాయి, మాట్లాడాలంటేనే టెన్షన్ పడేవాళ్లకు ప్రాణం హాయిగా ఉంది. మిగిలిన టైమ్‌తో ఏం చేశామన్నది వేరే సంగతి.

ప్రభుత్వాలు ఆలస్యంగా మేలుకున్నాయి. ఒంటరితనం బాధ్యతను 2018లో బ్రిటన్, 2021లో జపాన్ ఒక మంత్రికి అప్పగించాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది. మంత్రుల కంటే నాకు ఆసక్తిగా అనిపించింది నెదర్లాండ్స్‌లో జంబో సూపర్‌మార్కెట్ 2019లో చేసిన పని. తొందరలేని వాళ్ల కోసం, క్యాషియర్‌తో నాలుగు మాటలు మాట్లాడాలనుకునే వాళ్ల కోసం విడిగా ఒక బిల్లింగ్ కౌంటర్ పెట్టింది. రెండేళ్లకు వాటిని 200 దుకాణాలకు పెంచుతామని ప్రకటించింది.