చదివింపుల పుస్తకం ఎక్కడుంది? పెళ్లి గ్రీన్ కార్డు ఫైలుపై అపోహలు - వాస్తవాలు

మొన్న నరసన్నపేట నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. ఆటోలో ఇద్దరి మధ్యా దుప్పట్లో చుట్టిన కరిజ్మా ఆల్బమ్, రెండు భాగాలు. అమ్మాయికి పెళ్లయి ఎనిమిది నెలలు. అబ్బాయి అమెరికా సిటిజన్, డాలస్‌లో ఉద్యోగం. పెళ్లికని ఇరవై రోజుల సెలవు మీద వచ్చి, కట్టుకుని, తిరిగెళ్లిపోయాడు. ఆల్బమ్ నా బల్ల మీద పెట్టి, తల్లి చెమట తుడుచుకుంటూ అంది: "మొత్తం ఒట్టుకొచ్చీసినాం బాబూ. ఇంకేటి కావాలో సెప్పు."

"చదివింపుల పుస్తకం ఎక్కడుంది పిన్నీ?" అన్నాను. ఆవిడ నా మొహం అలాగే చూసింది.

శ్రీకాకుళం కోర్టుకి దగ్గర్లో ఒక చిన్న గదిలో పద్దెనిమిదేళ్లుగా నా పని ఇదే. తెలుగు కాగితాలు ఇంగ్లీషులోకి మార్చడం, ఫైలు ఒక వరసలో పెట్టడం. లాయర్ని కాను. చట్టం చిక్కు వస్తే అక్కడి ఇమిగ్రేషన్ లాయరునే అడగమంటాను. కాగితాల సంగతి మాత్రం నాకు తెలుసు.

దారి క్లుప్తంగా ఇది. భర్త ఐ-130, అంటే భార్యను రప్పించుకునే పిటిషను, వేస్తాడు. సిటిజన్ అయితే వీసా నంబరు కోసం క్యూ ఉండదు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాడైతే ఎఫ్2ఎ అనే వర్గం క్యూలో నిలబడాలి. పిటిషను మంజూరయ్యాక నేషనల్ వీసా సెంటరు, డీఎస్-260 అనే వీసా దరఖాస్తు, ఆ తర్వాత ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. ఇంత దారిలోనూ వాళ్లు తేల్చుకునే ముఖ్యమైన సంగతులు రెండు. ఈ పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా? కాపురం చేద్దామనే చేసుకున్నారా, కార్డు కోసమా?

అపోహ: ఫొటోలు ఎన్ని ఎక్కువుంటే ఫైలు అంత గట్టి.

నిజమైన పెళ్లికి సాక్ష్యంగా ఏమేం ఇవ్వొచ్చో అమెరికా నిబంధనల్లోనే ఒక జాబితా ఉంది. ఉమ్మడి ఆస్తి, ఇద్దరి పేరా ఉన్న అద్దె ఒప్పందం, కలిసిన డబ్బు లావాదేవీలు, పిల్లల జనన ధ్రువపత్రాలు, స్వయంగా ఎరిగినవాళ్ల అఫిడవిట్లు, చివర్న "ఇతర ఆధారాలు". ఫొటోలు వచ్చేది ఆ చివరి మాటలోకి. పనికిరావని కాదు. డ్రోన్ షాట్లు, పొగలో నడిచొచ్చే ఎంట్రీలు చూసి ఆఫీసరుకి తెలిసేది ఫొటోగ్రాఫరు పనితనం ఒక్కటే. నేను పదిహేను, ఇరవై ఫొటోలకు మించి పెట్టను. జీలకర్ర-బెల్లం, తాళి, తలంబ్రాలు, రెండు వైపుల తల్లిదండ్రులతో ఒకటి, తర్వాత అరసవల్లిలోనో ఇంకో చోటో ఫోనులో తీసుకున్నవి. ఒక్కోదాని కింద తేదీ, ఊరు, ఎవరెవరున్నారో రాయాలి. ఫోనులో మసగ్గా తీసుకున్న ఫొటోనే ఒక్కోసారి స్టూడియో ఫొటోకంటే గట్టిగా నిలబడుతుంది.

ఇక ఆ పుస్తకం సంగతి. సాయంత్రానికి మళ్లీ ఆటో వచ్చింది. రూళ్ల లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీ నెత్తిన పసుపు బొట్లు, "శ్రీరస్తు", వధూవరుల పేర్లు, ముహూర్తం తేదీ, కల్యాణ మండపం పేరు. కింద వరస నంబరు, పేరు, ఊరు, రూపాయలు. నూట పదహారు, ఐదువందల పదహారు, వెయ్యి నూట పదహారు. రెండువందల పన్నెండో నంబరు దగ్గర నీలం పెన్ను అయిపోయి ఎర్ర పెన్ను మొదలైంది. ఒకచోట కూడిక తప్పి, కొట్టేసి, పక్కన సరైన అంకె వేశారు. ఒక పేజీ మూలన సాంబారు మరక. ఆ రాత్రి మైకు పక్కన కూర్చుని రాసిన పెద్దాయనకి ఐ-130 అంటే ఏమిటో తెలీదు. ఆ పుస్తకానికి బలం అక్కడే ఉంది.

మొత్తం తర్జుమా చెయ్యక్కర్లేదు. మొదటి పేజీ, మొత్తం తేల్చిన చివరి పేజీ, అఫిడవిట్ ఇస్తున్నవాళ్ల పేర్లున్న పేజీలు చాలు. అఫిడవిట్‌లో "నేను ఆ పెళ్లికి వెళ్లాను" అన్న మనిషి పేరు నలభై ఏడో నంబరులో ఐదువందల పదహారు రూపాయలతో కనపడితే, ఆ రెండు కాగితాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్తాయి.

అఫిడవిట్ల మాట వచ్చింది కాబట్టి: పదిమంది చేత ఒకే వాచకంతో స్టాంపు పేపర్ల మీద సంతకాలు పెట్టించుకొస్తారు. పేరు మార్చి ప్రింటు తీసినట్టు తెలిసిపోతుంది. ఇద్దరు చాలు. సంబంధం కుదిర్చిన మధ్యవర్తి ఒకరు, ఇరుగుపొరుగో ఇంటి ఓనరో మరొకరు. పూర్తి పేరు, చిరునామా, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, మీతో చుట్టరికం, తనకు ఈ సంగతి ఎలా తెలుసో వివరంగా రాయాలి. ఆఖరిది వదిలేస్తే ఆ కాగితం దండగ.

అపోహ: కలిసి కాపురమే మొదలవలేదు, మా దగ్గర ఉమ్మడి కాగితాలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

వస్తాయి. ఎక్కువగా అబ్బాయి వైపు నుంచి రావాలి, వాళ్లే పట్టించుకోరు. ఆఫీసులో ఇచ్చిన జీవిత బీమాకి, 401-కె అనే రిటైర్మెంటు పొదుపు ఖాతాకి పెళ్లయ్యాక కూడా అమ్మ పేరే నామినీగా ఉంటుంది. మార్చమనండి, మార్చినట్టు వచ్చిన కాగితం దాచమనండి. ఇటు అమ్మాయి ఎల్‌ఐసీ పాలసీలో, పీఎఫ్‌లో నామినీ మార్చుకోవాలి. నెలనెలా పంపే డబ్బు మామగారి ఖాతాకి కాకుండా అమ్మాయి ఖాతాకి వస్తే అదొక సాక్ష్యం. బోర్డింగ్ పాసులు, పాస్‌పోర్టు ముద్రలు, ఇద్దరూ కలిసి వెళ్లిన హోటలు బిల్లు, ఆమదాలవలస స్టేషన్ నుంచి ఎక్కిన రైలు టికెట్టు కూడా పనికొస్తాయి.

టాక్సు రిటర్న్‌లో జరిగే తప్పు అన్నిటికంటే పెద్దది. భార్య ఇండియాలోనే ఉంది కదా అని అబ్బాయి "సింగిల్" అని వేసేస్తాడు. డిసెంబరు 31న పెళ్లయి ఉన్నా ఆ సంవత్సరమంతా పెళ్లయినట్టే లెక్క. ఉమ్మడిగా గానీ విడిగా గానీ వెయ్యాలి, పెళ్లయినవాడి లెక్కలోనే వెయ్యాలి. ఉమ్మడిగా వేస్తే అమ్మాయికి ఐటిన్ అనే పన్ను గుర్తింపు నంబరు తీసుకోవచ్చు. ఒక ప్రభుత్వ కార్యాలయానికి పెళ్లి కాలేదనీ ఇంకో దానికి అయిందనీ రాసిచ్చిన కాగితాలు ఒకే ఫైల్లో ఉంటే నేనేం చెయ్యను? ముందు రిటర్న్ సవరించి రమ్మంటాను.

పాత తేదీతో అద్దె అగ్రిమెంటు రాసిపెట్టమని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ పని నేను చెయ్యను. స్టాంపు పేపరు వెనక అమ్మిన తేదీ ఉంటుంది, అంతకంటే ముఖ్యంగా అది మోసం. కార్డు కోసం చేసుకున్న పెళ్లని తేలితే ఆ మనిషికి తర్వాత ఎవరు వేసిన పిటిషనూ మంజూరు కాదు. నేరంగా రుజువైతే అయిదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా. నిజమైన పెళ్లికి దొంగ కాగితం జోడించి చెడగొట్టుకోవడం కంటే తెలివితక్కువతనం లేదు.

అపోహ: గుడి రసీదు ఉంది, పెళ్లి సర్టిఫికెట్ ఎందుకు?

అన్నవరంలో, సింహాచలంలో ఇచ్చిన రసీదు సబ్-రిజిస్ట్రారు దగ్గరికి తీసుకెళ్లడానికి పనికొస్తుంది. ఫైల్లో కావలసింది సబ్-రిజిస్ట్రారు ఇచ్చిన ధ్రువపత్రం. ఆలస్యంగా రిజిస్టరు చేయించినా ఫరవాలేదు, పెళ్లి తేదీ, రిజిస్ట్రేషన్ తేదీ వేరువేరుగా ఉండటం తప్పు కాదు.

ఉల్టా కేసులూ వస్తాయి. "ముహూర్తాలు లేవు, ముందు రిజిస్టరు చేయించేద్దాం, వీసా పని మొదలవుద్ది, పెళ్లి మాఘంలో చేద్దాం" అంటారు. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లినే రిజిస్టరు చేస్తారు, రిజిస్టరు చేసినంత మాత్రాన పెళ్లి అయిపోదు. సుప్రీంకోర్టు 2024లో ఈ మాటే స్పష్టంగా చెప్పింది. తతంగం లేకుండా చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దాని నోటీసు గడువు దానిది. వీడియో కాల్‌లో తాళి చూపించిన పెళ్లిళ్లయితే, ఆ తర్వాత దంపతులు కలిసి కాపురం చేసేదాకా అమెరికా లెక్కలో చెల్లవు.

అపోహ: మేనరికం అని తెలిస్తే వీసా ఇవ్వరు. దాచేయాలి.

మన జిల్లాల్లో ఇది మాటిమాటికీ వచ్చే భయం. సాధారణంగా చూసేది పెళ్లి జరిగిన చోట చెల్లిందా అని. మేనత్త, మేనమామ పిల్లల పెళ్లి మన ఆచారంలో ఉంది, చట్టం ఆచారాన్ని ఒప్పుకుంటుంది. అయితే రెండో మెట్టు ఉంది: దంపతులు కాపురం పెట్టబోయే రాష్ట్రం ఏమంటుంది? కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో ఇలాంటి పెళ్లికి అడ్డు లేదు. టెక్సస్ 2005 నుంచి నిషేధించింది. మేనమామనే చేసుకున్న పెళ్లయితే చిక్కు ఇంకా ఎక్కువ. అందుకని ఐ-130 వెయ్యకముందే లాయరుకి చుట్టరికం చెప్పండి. ఇక్కడ నేను నోరు మూసుకుంటాను, అది నా పని కాదు.

దాచడం మాత్రం కుదరదు. శుభలేఖ మీదే ఇద్దరి తాతల పేర్లూ అచ్చయి ఉంటాయి. "ఎలా పరిచయం?" అంటే "చిన్నప్పట్నుంచీ తెలుసు, మా మావయ్య కొడుకు" అనే మాట కంటే నమ్మదగ్గ జవాబు ఏముంటుంది?

అపోహ: తర్జుమాకి నోటరీ ముద్ర ఉండాల్సిందే.

అక్కర్లేదు. పూర్తిగా, సరిగ్గా తర్జుమా చేశాననీ, రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం పెట్టాలి. అంతే. వాట్సాప్ చాట్‌లు నాలుగువందల పేజీలు ప్రింటు తీసుకొస్తారు. నెలకి ఒకటి, రెండు పేజీలు చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది కదా అని వదిలేయకండి, "తిన్నావా", "పడుకున్నావా" ఏ అక్షరాల్లో కొట్టినా తెలుగే, ఆఫీసరుకి అర్థం కాదు.

నా తప్పొకటి చెప్పాలి. కొత్తలో ఒక అఫిడవిట్‌లో "వధువు నాకు చెల్లెలు" అని ఉంటే, ఇంగ్లీషులో సొంత చెల్లెలనే అర్థం వచ్చేలా రాసిచ్చాను. రాసింది పెదనాన్న కొడుకు. ఇంటర్వ్యూలో అన్నదమ్ములు ఎంతమంది అని అడిగితే ఆ పిల్ల నిజమే చెప్పింది, ఎవరూ లేరని. వీసా ఇప్పటికి ఆపామనే 221(జి) కాగితం చేతిలో పెట్టి మరిన్ని ఆధారాలు తెమ్మన్నారు. ఆ కుటుంబం నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పట్నుంచి అన్న, చెల్లి, బావ, పిన్ని అనే మాట కనపడితే ఫోన్ చేసి "ఎవరి కొడుకు, ఎవరి కూతురు?" అని అడిగి, చుట్టరికం విడదీసి రాస్తాను.

అపోహ: జిల్లా పేరు తేడా ఉంటే ఫైలు వెనక్కొచ్చేస్తుంది.

విజయనగరం జిల్లా పుట్టిందే 1979 జూన్ 1న. అంతకుముందు బొబ్బిలి శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, తల్లిదండ్రుల పాత కాగితాల్లో అలాగే ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అమ్మాయి పుట్టింది శ్రీకాకుళం జిల్లాలో, ఆధార్‌లో ఇంకో జిల్లా. అబద్ధమేమీ లేదు, ఒక పేజీ వివరణ జోడిస్తే సరిపోతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉండి పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే, వాడిన పేర్లన్నీ ఫారంలో "ఇతర పేర్లు" గడిలో రాయండి. జనన ధ్రువపత్రం లేనివాళ్లు నమోదు లేదన్న సర్టిఫికెట్ తీసుకుని, దానికి తల్లిదండ్రుల అఫిడవిట్, స్కూలు సర్టిఫికెట్ జతచేయాలి. పీసీసీ, అంటే పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చినదే కావాలి, మనకి విశాఖపట్నం. స్టేషన్‌లో ఎస్‌ఐ సంతకం చేసిన కాగితం చాలదు.

అపోహ: మొదటి పెళ్లి పెద్దల్లో తెంచేసుకున్నాం, కాగితం ఉంది.

పది సంతకాల ఆ కాగితాన్ని తేలిగ్గా తీసెయ్యను. ఆచారం ప్రకారం విడాకులను హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ కాపాడుతుంది. కానీ ఆ కులంలో ఆ ఆచారం ఉందని రుజువు చేసే బరువు మీ మీదే. కోర్టు డిక్రీ చేతిలో ఉన్నవాళ్లకి ఆ బరువు లేదు. మొదటి పెళ్లి చట్టప్రకారం తెగకముందే రెండోది చేసుకుంటే ఆ రెండోది చెల్లదు. ఎన్ని ఉమ్మడి ఖాతాలున్నా లాభం లేదు.

అపోహ: కొబ్బరి తోట విలువ చూపిస్తే ఫైలు బలపడుతుంది.

కవిటి తోటలకీ, పలాస జీడి తోటలకీ వాల్యుయేషన్లు తెస్తారు. పెళ్లి నిజమనడానికి అవి సాక్ష్యం కావు. భార్యను పోషిస్తానని అబ్బాయి రాసిచ్చే ఐ-864లో ముఖ్యంగా చూసేది అబ్బాయి ఆదాయం, పేదరిక రేఖకి 125 శాతం ఉండాలి. తగ్గితే అక్కడే ఉండే జాయింట్ స్పాన్సరు, అంటే తోడు హామీ ఇచ్చే మనిషి, కావాలి. ఆస్తి చూపించాలంటే ఏడాదిలోగా డబ్బుగా మార్చగలిగేది కావాలి.

అపోహ: ఇంటర్వ్యూకి జవాబులు బట్టీ పట్టాలి.

ఒకమ్మాయిని "పెళ్లయిన నెలకే పుట్టింటికి ఎందుకొచ్చావు?" అని అడిగారట. ఆషాఢం అని చెప్పడానికి సిగ్గుపడి "ఒంట్లో బాగోక" అంది. తర్వాత ప్రశ్నలన్నీ ఆ ఒంటి మీదే. ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింట్లో ఉంటుందని చెప్పుంటే అర నిమిషంలో అయిపోయేది.

అపోహ: వీసా వచ్చేసింది, కాగితాలు అటకెక్కించొచ్చు.

అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల కార్డే. అది ముగిసే ముందు 90 రోజుల్లో షరతు తీసెయ్యమని ఐ-751 వెయ్యాలి, మళ్లీ సాక్ష్యాలతో. అప్పుడు పెళ్లి ఫొటోలు కాదు, ఆ రెండేళ్ల కాపురం కాగితాలు అడుగుతారు. ఇద్దరి పేరా అద్దె, కరెంటు బిల్లు, కారు ఇన్సూరెన్స్. వెళ్లిన మొదటి నెల నుంచే ఒక డబ్బాలో వెయ్యమని నరసన్నపేట అమ్మాయికి చెప్పాను. వాళ్ల కేసు మేనరికం కాదు, డాలస్ టెక్సస్‌లోనే అయినా ఆ గొడవ లేదు.

పుస్తకం నా దగ్గరే రెండ్రోజులు ఉంచమన్నాను. తల్లి ఒప్పుకోలేదు. "ఇప్పుడే స్కేనింగు తీసుకుని ఇచ్చీ బాబూ. వొచ్చే నచ్చివారం మా ఎదురింటోళ్ల పెల్లి. ఆళ్లు మాకెంత సదివించారో సూసుకోవాలి గదా." వెతికి చూపించాను. నూట ముప్పై ఒకటో నంబరు, వెయ్యి నూట పదహారు.