నెర్రె కనిపించగానే మోటారు వేయకండి: వరి, భూతాపం - అపోహలు, వాస్తవాలు

గత యాసంగిలో ఒక రాత్రి పదిన్నరకు ఫోను మోగింది. "అమ్మా, మడి నెర్రెలు తీసింది. నీ మాట విని ఆరబెట్టాను. పంట పోతే నా గతేమిటి?" అవతల మాట్లాడుతున్నది డెబ్బై ఏళ్ల పెద్దాయన. నాటు వేసి నెల దాటింది, పైరు పిలకలు వేస్తోంది. నెర్రె ఎంత వెడల్పుందని అడిగాను. వెంట్రుక మందమన్నాడు. నీటి మట్టం తెలుసుకోవడానికి మడిలో పాతిన గొట్టంలో నీరు చూశారా అంటే చీకట్లో ఎక్కడ చూసేదన్నాడు. తెల్లవారి ఆరింటికల్లా పొలానికి వెళ్లాను. పైన చుక్క నీరు లేదు. గొట్టంలోకి వంగి చూస్తే నేల మట్టానికి ఆరేడు సెంటీమీటర్ల కిందే నీరు నిలకడగా ఉంది. మొక్క వేళ్లు ఆ నీటిలోనే ఉన్నాయి. ఇంకో రెండు రోజులు మోటారు జోలికి వెళ్లవద్దని చెప్పి వచ్చాను. నేను గట్టు దాటగానే ఆయన మోటారు వేశాడని తర్వాత తెలిసింది.

నాకు కోపం రాలేదు. ఎండిన మడిని చూస్తూ ఊరుకోవడం రైతుకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిగా పనిచేస్తున్నాను. బోర్ల కింద వరి వేసే ఊళ్లలో ప్రతి సీజనులోనూ ఈ భయమే ఎదురవుతుంది. దీని వెనక ఉన్న అపోహ రైతుకు నీటి రూపంలో, మోటారు మరమ్మతుల రూపంలో, కొత్త బోరు అప్పుల రూపంలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం తెస్తోంది. భూతాపంలో మన పొలాల వాటా కూడా చాలావరకు ఇక్కడి నుంచే పుడుతోంది. అందుకే ముందుగా, వివరంగా దీని గురించే రాస్తున్నాను.

అపోహ: వరి నీటి మొక్క. కోతకు ముందు వరకు మడిలో నీరు నిలిచే ఉండాలి.

వాస్తవం: వరి నీటిని తట్టుకునే మొక్క. మిగతా పైర్ల వేళ్లు నీట మునిగితే ఊపిరాడక కుళ్లిపోతాయి. వరికి కాండంలో సన్నటి గాలి గదులు ఉంటాయి, వాటి గుండా పై నుంచి వేళ్లకు గాలి అందుతుంది. నీటిలో బతకగలగడం వేరు, నీరు లేకపోతే బతకలేకపోవడం వేరు. వేళ్ల చుట్టూ మట్టి తడిగా ఉంటే ఆ మొక్కకు చాలు.

నీరు నిలపడంలో మన పెద్దలు తప్పు చేయలేదు. నిలువ నీరు కలుపును అణచేస్తుంది, కలుపు మందులు లేని కాలంలో అంతకన్నా మంచి ఉపాయం లేదు. చెరువు నిండిన ఏడాది వరి, నిండని ఏడాది మెట్ట పంట. లెక్క అక్కడే సరిపోయేది. బోర్లు వచ్చాక పరిస్థితి మారింది. మా నాన్న పొలం దగ్గర స్టార్టర్ డబ్బా పక్కనే మంచం వేసుకుని పడుకునేవారు. కరెంటు రాత్రి ఏ జామున వస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలియదు. వచ్చినప్పుడే మడి నింపుకోవాలి, మళ్లీ ఎప్పుడొస్తుందో ఎవరికెరుక! చీకట్లో పాము తొక్కుతారేమోనని అమ్మ తెల్లవార్లూ మేలుకునే ఉండేది. ఆ రోజుల్లో నిండా నింపిన మడి రైతుకు భరోసా. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, కరెంటు రాగానే మోటారును దానంతట అదే తిప్పే ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం, మాలాంటి ఉద్యోగులం ఊరూరా తిరిగి బతిమాలింది ఇందుకే. కరెంటు భయం తగ్గినా నింపే అలవాటు తగ్గలేదు. నిలువ నీరు పైరు అడిగింది కాదు, కరెంటు కోతలు మనకు నేర్పింది.

ఇప్పుడు ఆ నీటి అడుగున ఏం జరుగుతుందో చూడండి. మడి మునిగిన కొద్ది రోజులకే మట్టిలో ప్రాణవాయువు అయిపోతుంది. గాలి అక్కరలేని సూక్ష్మజీవులు అక్కడి కొయ్యకాళ్లను, పచ్చిరొట్టను, పెంటను కుళ్లబెట్టి మీథేన్ వాయువును తయారుచేస్తాయి. మడిలో కాలు పెట్టగానే బుడబుడమని పైకి లేచే బుడగల్లో ఉండేది చాలావరకు అదే. వేళ్లకు గాలినిచ్చే ఆ గదుల గుండానే మీథేన్‌లో ఎక్కువ భాగం తిరిగి పైకి, గాలిలోకి పోతుంది. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ కిలో బొగ్గుపులుసు వాయువు కన్నా సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. అయితే గాలిలో అది పన్నెండేళ్లకు మించి పెద్దగా నిలవదు. బొగ్గుపులుసు వాయువు ప్రభావం మాత్రం వందల ఏళ్లు ఉంటుంది. కాబట్టి మీథేన్‌ను ఈరోజు తగ్గిస్తే ఫలితం మన కళ్ల ముందే కనిపిస్తుంది.

మడిని మధ్యమధ్య ఆరనిస్తే మట్టిలోకి గాలి చొరబడి మీథేన్ చేసే సూక్ష్మజీవుల పని ఆగిపోతుంది. సీజనులో ఇలా పలుమార్లు ఆరబెట్టిన పొలంలో మీథేన్ దాదాపు సగానికి తగ్గుతుంది. నీరు 30 శాతం వరకు మిగులుతుంది. పద్ధతిగా చేస్తే దిగుబడి తగ్గదు. నమ్మకం కుదరకపోతే ఎప్పుడూ నీటిలో ఉన్న మడి నుంచి ఒక దుబ్బు, ఆరబెట్టిన మడి నుంచి ఒక దుబ్బు పీకి వేళ్లు చూడండి. మొదటి దాని వేళ్లు నల్లబడి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే, రెండో దాని వేళ్లు తెల్లగా ఉంటాయి. రైతులను ఒప్పించడంలో నా మాటలకన్నా ఆ వేళ్లే ఎక్కువసార్లు పనిచేశాయి.

దీనికి కావలసింది అడుగు పొడవు ప్లాస్టిక్ గొట్టం. అడ్డకొలత పది నుంచి పదిహేను సెంటీమీటర్లు ఉంటే లోపలికి చూడటం సులువు. చుట్టూ రంధ్రాలు చేసి, సగం అంటే పదిహేను సెంటీమీటర్లు నేలలోకి దించి, లోపలి మట్టి తీసేయండి. గట్టుకు దగ్గరగా, చేతికి అందే చోట పెట్టండి. నాటు వేసిన రెండు వారాల తర్వాత మొదలుపెట్టవచ్చు, కలుపు ఎక్కువగా ఉంటే ఇంకో వారం ఆగండి. గొట్టంలో నీరు నేల మట్టానికి పదిహేను సెంటీమీటర్ల కిందికి దిగాకే మోటారు వేసి, మడిలో ఐదు సెంటీమీటర్లు నిలిచేలా పెట్టండి. మళ్లీ దిగే వరకు ఆగండి. నేల పైన సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. భయపడకండి, నెర్రెను కాదు, గొట్టాన్ని చూడండి.

ఒక్క దశలో మాత్రం ఈ మాట వర్తించదు. పూతకు వారం ముందు నుంచి పూత తర్వాత వారం వరకు మడిలో పలచగా నీరు ఉండి తీరాలి. అప్పుడు ఆరబెడితే తాలు గింజలు ఖాయం. యూరియా విషయంలోనూ జాగ్రత్త కావాలి. తడి, పొడి మారుతున్న మట్టిలో ఎక్కువైన నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది, అది బొగ్గుపులుసు వాయువు కన్నా 273 రెట్లు తీవ్రమైనది. కాబట్టి యూరియాను విడతలుగా, మడి ఆరి ఉన్నప్పుడు చల్లి వెంటనే నీరు పెట్టండి. చౌడు నేలల్లో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకి తేలుతుంది. నీరు పెట్టడం, తీయడం మీ చేతిలో లేని కాలువ చివరి పొలాల్లోనూ బలవంతంగా చేయకండి.

ఇంత చెప్పాక సభలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "అయితే భూమి వేడెక్కడానికి మా వరే కారణమా?" ఆ ప్రశ్నలో బాధ ఉంటుంది. కాదు. అసలు కారణం బొగ్గు, చమురు, సహజవాయువు మండించడం. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 ఉన్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. మనుషుల వల్ల వెలువడే మొత్తం మీథేన్‌లోనూ ప్రపంచంలోని వరి పొలాలన్నిటి వాటా సుమారు పదోవంతే. రైతును దోషిగా నిలబెట్టడానికి నేను ఇది రాయడం లేదు. మీకు నీరు మిగిల్చే పనే భూమికీ మేలు చేస్తోంది కాబట్టి చెబుతున్నాను. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది, అనవసరంగా తిరిగే ప్రతి మోటారు వెనక కొంత బొగ్గు కాలుతుంది.

అపోహ: తాలు గింజలకు మందు కొడితే సరిపోతుంది.

తెగులు వల్ల వచ్చిన తాలు వేరు, వేడి వల్ల వచ్చినది వేరు. వరి పూలు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు విచ్చుకుంటాయి. ఆ వేళకే ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని గింజ కట్టదు. పోయిన గింజను ఏ సీసాలోని మందూ తిరిగి తేలేదు. వేడికి విరుగుడంటూ అమ్మేవారి మాట విని డబ్బు పోసుకోకండి. రాత్రి వేడి కూడా దిగుబడిని తింటుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ సొంత పొలాల లెక్కలు 2004లో వెలువడ్డాయి. ఎండాకాలపు పంటలో రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి పది శాతం తగ్గిందని వాటిలో తేలింది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క ప్రకారం 2024లో భూమి సగటు వేడి 1850-1900 నాటికన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువ. మన చేతిలో ఉన్నది నాటు తేదీ. యాసంగి నారు పోయడం డిసెంబరు దాటనివ్వకండి, పూత ఏప్రిల్ ఎండల్లో పడకుండా ఉంటుంది.

ఇక మిగతావి. ఓజోన్ పొరకు రంధ్రం పడటం వల్లే ఎండలు పెరిగాయని చదువుకున్నవారు కూడా అంటారు. అది వేరే సమస్య, దాని వల్ల పెరిగేది అతినీలలోహిత కిరణాల ముప్పు. మొక్కలు నాటితే చాలా? నాటండి, నీడకూ నేలకూ మంచిది. కానీ బొగ్గు వాడకం తగ్గకుండా మొక్కలతో ఈ లెక్క తేలదు. ఈసారి చలి ఎక్కువగా ఉంది కాబట్టి భూతాపం అబద్ధమనేవారు ఒక్క ఊరి ఒక్క చలికాలాన్ని చూస్తున్నారు, లెక్క ప్రపంచమంతటిదీ, దశాబ్దాలదీ.

మీథేన్ పేరు చెప్పి వరి సాగును నిషేధిస్తారని ఫోన్లలో తిరుగుతున్న సందేశం శుద్ధ అబద్ధం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో వందకు పైగా దేశాలు మీథేన్‌ను తగ్గిస్తామని చేసిన ప్రతిజ్ఞలో మన దేశం చేరనే లేదు. అలాంటి సందేశం వస్తే దాన్ని ఇంకొకరికి పంపి వారి నిద్ర చెడగొట్టకండి.

చివరిగా కార్బన్ క్రెడిట్లు. మడిని ఆరబెట్టినందుకు డబ్బు ఇచ్చే పథకాలు నిజంగానే ఉన్నాయి. అయితే ముందుగా నమోదు రుసుము కట్టమనేవారిని, ఖాళీ కాగితంపై వేలిముద్ర అడిగేవారిని గడప తొక్కనివ్వకండి. ఎన్నేళ్ల ఒప్పందం, డబ్బు ఎప్పుడు, పొలం లెక్క ఎవరు రాస్తారు, మధ్యలో మానేస్తే ఏమవుతుంది అనే నాలుగు సంగతులూ తెలుగులో రాసి ఉండాలి. మొన్న ఒక ఊళ్లో పదకొండు మంది రైతులు ఇంగ్లీషు కాగితాలపై సంతకాలు చేసి, ఆ తర్వాత నా దగ్గరకు తెచ్చారు. వాటిలో ఏముందో వారికి చదివి చెప్పడానికి ఒక పూట పట్టింది. మీరు సంతకానికి ముందే రండి, మంగళవారం, శుక్రవారం పొద్దున రైతు వేదికలో ఉంటాను.