ఇసుకలో చక్రం అడిగే బలం

శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర మా బాబాయి కొబ్బరితోటలో దారి అంటే ఇసుకే. కాయలు దింపాక బస్తాలకెత్తి, సైకిలు మీద పెట్టి, తారురోడ్డు దాకా ఇద్దరు మనుషులు తోసుకు రావాలి. ఆ కష్టం తప్పిద్దామని పాత స్టీలు సైకిలు ఫ్రేముకి 72 వోల్టుల హబ్ మోటారు, అంటే చక్రం నడిమధ్యనే కూర్చునే మోటారు బిగించాం. మోటారు మీద 3000 వాట్లు అని రాసి ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం.

మొదటిరోజు 60 కిలోల కాయలు కట్టి యాక్సిలరేటర్ తిప్పాను. బండి ఒక గజం కదిలి, టప్‌మని ఆగింది. వెనకనుంచి బాబాయి, "ఏట్రా, చక్రం తిరగడం మానీసింది?" అన్నాడు.

వంగి చూస్తే తిరగకూడనిది తిరిగింది. చక్రానికి బదులు యాక్సిల్ తిరిగిపోయింది. ఫ్రేములో అది కూర్చునే గాడి అంచులు విచ్చుకుపోయాయి. యాక్సిల్ బొర్రలోంచి వచ్చే లావు తీగలు మూడూ తాడు పేనినట్టు మెలిపడి, ఒకచోట రాగి బయటపడింది. ఆ షార్టుకి, మోటారుకి కరెంటు పంపే కంట్రోలర్ కూడా పోయింది.

మామూలు సైకిల్లో యాక్సిల్ బరువు మోస్తుంది, అంతే. గొలుసు చక్రాన్ని లాగుతుంది. హబ్ మోటారులో కథ వేరు. రాగి కాయిళ్లు యాక్సిల్‌కి బిగిసి కదలకుండా ఉంటాయి. వాటి చుట్టూ అయస్కాంతాల వలయం చక్రంతో పాటు తిరుగుతుంది. అయస్కాంతాలు ఎక్కడున్నాయో హాల్ సెన్సార్లు చెబుతుంటే, కంట్రోలర్ మూడు జట్ల కాయిళ్లకి వంతులవారీగా కరెంటు పంపుతుంది. కాయిళ్లు అయస్కాంతాల్ని ముందుకి ఎంత బలంగా తోస్తే, అంతే బలంగా యాక్సిల్ వెనక్కి తిరగబోతుంది. న్యూటన్ మూడో సూత్రం. ఆ తిరుగుడుని ఆపేది యాక్సిల్‌కి రెండు పక్కలా చెక్కిన చదును ముఖాలే.

లెక్క చూడండి. మీటరు పొడవు గునపం చివర 10 కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే మెలిపెట్టే బలం సుమారు 100 న్యూటన్-మీటర్లు. దీన్నే టార్క్ అంటాం. పెద్ద హబ్ మోటారుకి ఇది తేలిక. కానీ 14 మిల్లీమీటర్ల యాక్సిల్ మీద ఆ చదును ముఖం వెడల్పు సెంటీమీటరుకి మించదు. మీటరు దూరాన 10 కిలోలు, సెంటీమీటరు దగ్గర 1000 కిలోలతో సమానం. అంటే పలచటి సైకిలు ఫ్రేము అంచు మీద టన్ను ఒత్తిడి! విచ్చుకోక ఏం చేస్తుంది?

దీనికి మందు టార్క్ ఆర్మ్. 8 మిల్లీమీటర్ల ఇనప పట్టీకి యాక్సిల్ ఆకారంలో రంధ్రం చేసి, రెండో కొసని ఫ్రేముకి బిగిస్తారు. ఆ రంధ్రాన్ని నేను ఆకురాయితో ఒక పూటంతా అరగదీశాను. చేత్తో తోస్తే దూరకూడదు, సుత్తితో నెమ్మదిగా తడితే దూరాలి. వెంట్రుకవాసి సందున్నా యాక్సిల్ రోజూ అటూ ఇటూ కొట్టుకుని ఆ సందుని పెంచుతుంది. బ్రేకు వేసినప్పుడు కరెంటుని తిరిగి బ్యాటరీకి పంపే ఏర్పాటు ఉంటే మరీను, అప్పుడు బలం దిశ మారుతుంది. అందుకే రెండు వైపులా రెండు ఆర్మ్‌లు పెట్టాం.

బండి కదిలింది. నాలుగు ట్రిప్పులకే హబ్ చెయ్యి పెట్టలేనంత కాలింది.

స్ప్రింగు త్రాసు తగిలించి లాగి చూస్తే నిండు బండి ఇసుకలో 27 కిలోల లాగుడు అడుగుతోంది. 26 అంగుళాల చక్రానికి అది 88 న్యూటన్-మీటర్ల టార్క్. మా మోటారు ఆంపియరుకి ఒకటిన్నర న్యూటన్-మీటర్లు ఇస్తుంది కనుక కాయిల్లో 58 ఆంపియర్లు పారాలి. మీటరులో మాత్రం బ్యాటరీ నుంచి పోయేది 13 ఆంపియర్లే! మెల్లగా వెళ్లేటప్పుడు కంట్రోలర్ వోల్టులు తగ్గించి ఆంపియర్లు పెంచుతుంది మరి. బ్యాటరీ మీటరు చూసి మోటారు చల్లగా ఉందనుకోవడం ఇక్కడే దెబ్బతీస్తుంది. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 0.12 ఓముల కాయిల్లో 58 ఆంపియర్లంటే 400 వాట్లు, ఇస్త్రీపెట్టెలో దాదాపు సగం, మూతపెట్టిన డబ్బాలో. కాయిల్‌కీ బయటి గుల్లకీ మధ్య ఉన్నది గాలి సందు. వేడి దాన్ని దాటి బయటపడాలి.

అమెరికాలో ఆగ్డెన్ బోల్టన్ 1895లోనే వెనక చక్రం హబ్‌లో మోటారున్న సైకిలుకి పేటెంటు తీసుకున్నాడు. 10 వోల్టుల బ్యాటరీ, 100 ఆంపియర్ల దాకా కరెంటు. అదే 1000 వాట్లకి 72 వోల్టుల దగ్గర 14 ఆంపియర్లు చాలు, బ్యాటరీ తీగల్లో వేడి 50వ వంతుకి పడిపోతుంది. కానీ లాభం తీగలకే. కాయిల్‌కి ఎంత టార్క్ అడిగితే అంత కరెంటు తప్పదు.

కనుక టార్క్ అడగడమే తగ్గించాలి. 26 అంగుళాల రిమ్ము తీసేసి, పొట్టి స్పోకులతో మోపెడ్‌ది 16 అంగుళాల రిమ్ము, లావు టైరు వేశాం. చక్రం వ్యాసార్థం ఐదో వంతు తగ్గింది. అదే లాగుడుకి 47 ఆంపియర్లు సరిపోయాయి. వేడి 400 నుంచి 265 వాట్లకి దిగింది. వేగం తగ్గింది, తోటలో దానితో పనిలేదు.

వేడి అయస్కాంతాలకీ శత్రువే. ఇవి నియోడిమియం అనే లోహం కలిసిన అయస్కాంతాలు. మామూలు రకాలు 80 డిగ్రీలు దాటితే కొంత బలం శాశ్వతంగా పోగొట్టుకుంటాయి. మా జిల్లావాళ్లు ఒకటి తెలుసుకోవాలి. కళింగపట్నం, భావనపాడు తీరాల్లో కాలికి అంటే నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో నియోడిమియం ఉంది. ఆ ఇసుక మీద ఎన్నిసార్లు ఆడుకున్నామో!

బ్యాటరీకి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ 24 వరుసగా కలిపాం. వేడికి మిగతా లిథియం రకాలకన్నా ఓర్చుకుంటాయి. 60 వోల్టులు దాటిన డీసీ చెమట చేతులకి ప్రమాదమే, ఫ్యూజు, బీఎంఎస్ (సెల్స్‌ని కాపలా కాసే సర్క్యూట్) లేకుండా ముట్టుకోవద్దు. మన చట్టంలో 250 వాట్లు, గంటకి 25 కిలోమీటర్లు దాటని బండికే రిజిస్ట్రేషన్ మినహాయింపు. అందుకే మా బండి తోట గేటు దాటదు. తారురోడ్డు అంచున బస్తాలు దించి వెనక్కి తిరుగుతుంది.

కాయిల్ పక్కన ఒక ఉష్ణోగ్రత సెన్సార్ దూర్చాం. అక్కడ 90 డిగ్రీలు దాటితే, గాలి సందు అవతలి అయస్కాంతాలు అంత వేడెక్కకముందే, కంట్రోలర్ కరెంటు తగ్గిస్తుంది. బాబాయికి ఆ అంకెతో పనిలేదు. బండి మందగించగానే దిగి, తిత్లీ తుపానులో పోయిన చెట్ల చోట నాటిన కొబ్బరిమొక్క నీడన ఆపి, హబ్ మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. చెయ్యి నిలిస్తే మళ్లీ ఎక్కుతాడు.