పెళ్లికూతురి పచ్చబొట్టు: ‘కప్పేయ్’ అనే మాట ఎక్కడ మొదలైంది?

ముహూర్తాలు మొదలయ్యాయంటే పెళ్లికూతురి పచ్చబొట్టును మేకప్‌తో కప్పాలా వద్దా అనే తగువు మళ్లీ లేస్తుంది. పెళ్లికూతుళ్లకు మేకప్ వేసేవాళ్లు పెట్టే రీల్స్‌లో ఒక రకం ఎప్పుడూ జోరుగా తిరుగుతుంది. ముంజేతి మీద నల్లటి నెమలీకో, మెడ వెనక ఎవరి పేరో కనిపిస్తుంది. రెండు మూడు పూతలు పడేసరికి అది చర్మంలో కలిసిపోతుంది. చూసి కొందరు మెచ్చుకుంటారు, ‘దాచుకోవాల్సినంత తప్పు ఏం చేసింది’ అని కొందరు నిలదీస్తారు. కప్పాల్సిందే అనేవాళ్ల వాదన ఇంటికో రకంగా ఉన్నా ఒక్క వాక్యం మాత్రం మారదు: ‘మన ఇళ్లలో ఇలాంటివి ఎప్పుడైనా ఉన్నాయా?’

ఉన్నాయి. పొడిపించుకోకుండా పెళ్లికి సిద్ధమైతే తప్పుపట్టిన ఇళ్లు కూడా మనవే. పచ్చబొట్టు ఎంత పాతదో, ఏ గుళ్లో ఏ శిల్పానికి ఉందో అందరూ రాసేదే కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను. తెలియాల్సింది పొడిచిన మనిషి గురించి. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఈ పని ‘తోటి’ అనే తెగ ఆడవాళ్లది. వాళ్ల మగవాళ్లు కిక్రి అనే తంత్రీవాద్యం వాయిస్తూ గోండుల గాథలు పాడేవారు, ఆడవాళ్లు సూది పట్టేవారు. కోస్తాలో, సీమలో ఇంటింటికీ తిరిగి పొడిచింది ఎక్కువగా ఎరుకల ఆడవాళ్లు. దీపం మసిని చనుబాలతోనో ఆకు పసరుతోనో నూరి, మూడు నాలుగు సూదుల్ని దారంతో కలిపి కట్టి, పిల్ల చేతిని ఒళ్లో పెట్టుకుని గుచ్చేవారు. ఏడవకుండా పాట పాడేవారు, చివర పసుపు అద్దేవారు. కూలి చాటెడు గింజలు, కుదిరితే ఒక పాత చీర. ఒంటి మీది బంగారం పాడె ఎక్కకముందే ఊడదీస్తారు, వెంట వచ్చేది ఈ పచ్చబొట్టొక్కటే అని ఇంట్లో ముసలివాళ్లు చెప్పేవారు. గడ్డం మీద మూడు చుక్కలు, ముంజేతి మీద తులసికోట, తేలు, ముగ్గు. పాత ఆల్బమ్ తీసి నాయనమ్మ చేతిని కాస్త దగ్గరగా చూస్తే చాలు.

మరి అది ఎప్పుడు ‘మనది’ కాకుండా పోయింది? చదువులొచ్చాయి, నాగరికత వచ్చింది, అందుకే పోయింది అని సాధారణంగా చెబుతారు. నాకు అది సగం మాటే అనిపిస్తుంది. నా లెక్కలో అసలు మలుపు 1911.

కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కగట్టే నేరస్థ జాతుల చట్టాన్ని ఆ ఏడాది తెల్లదొరలు తిరగరాశారు. 1871 నాటి మొదటి చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ దాకా రాలేదు, ఈసారి వచ్చింది. ఎరుకలవాళ్లు అప్పటికే దెబ్బతిని ఉన్నారు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, గింజలు ఊరూరా చేరవేసి బతికినవాళ్లు వాళ్లు. రైళ్లు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ వ్యాపారం చితికిపోయింది. మిగిలింది బుట్టలల్లడం, సోది చెప్పడం, పచ్చబొట్లు పొడవడం. మూడూ ఊళ్లు తిరిగితే తప్ప సాగని పనులే. కొత్త చట్టం సరిగ్గా ఆ తిరగడాన్నే అనుమానించింది. పేర్లు రిజిస్టర్‌కెక్కాయి, వేలిముద్రలు తీసుకున్నారు, ఠాణాలో హాజరు వేయించుకోమన్నారు, ఊరు దాటాలంటే అనుమతి అన్నారు. 1913 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో, ఇలాంటివాళ్లను ఒకచోట కట్టిపెట్టే స్టూవర్టుపురం సెటిల్‌మెంట్ వెలిసింది. అక్కడివాళ్లను చీరాలలో ఐఎల్‌టీడీ అనే కంపెనీ పొగాకు ఫ్యాక్టరీలో కూలికి పెట్టారు. ఊళ్లు తిరిగి పచ్చబొట్లు పొడిచే కులం మనుషులు అలా పొగాకు పనిలో కుదురుకున్నారు.

మద్రాసు రాష్ట్రం ఆ చట్టాన్ని 1947లో ఎత్తేసింది. దేశమంతటా పోయింది 1952లో. ముద్ర మాత్రం అంత తేలిగ్గా పోలేదు, స్టూవర్టుపురం అనగానే జనం నోట ‘దొంగలు’ అనే మాటే వచ్చేది.

ఒక్క చట్టంతో పచ్చబొట్టు ఆగిపోయిందని అనను. 1950ల్లో, 60ల్లో కూడా పల్లెల్లో పొడిపించుకున్నారు. పోయింది దాని మర్యాద. గుమ్మం ముందు కూర్చుని మన పిల్ల చెయ్యి పట్టుకున్న మనిషిని సర్కారే దొంగల జాబితాలో రాసిపెట్టాక, ఆమె పెట్టిన గుర్తును ఎన్నాళ్లు నెత్తిన పెట్టుకుంటారు? ముందు చదువుకున్న ఇళ్లు మానేశాయి, తర్వాత పట్నం చేరినవి. పెళ్లిచూపుల్లో చేతి మీద పచ్చబొట్లుంటే పిల్ల మోటు అన్న లెక్క వచ్చింది. ఇప్పుడు పెళ్లీడు ఆడపిల్లల తల్లులుగా ఉన్నవాళ్లు పెరిగింది ఆ కాలంలోనే. ఫొటో తీస్తామనగానే కొంగును ముంజేతి మీదికి లాక్కునే అమ్మల్ని చూస్తూ పెరిగారు. తమకు పొడిపించలేదని సంతోషించినవాళ్లు కూడా వాళ్లే.

దానిమీద 1990ల్లో ఎయిడ్స్ భయం వచ్చి పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పట్లో హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. జాతరల్లో బ్యాటరీ మిషన్ పెట్టుకుని ఒకే సూదితో వరసగా అందరికీ గుచ్చేవాళ్లు, కాబట్టి హెచ్చరిక న్యాయమైనదే. కాకపోతే మోటు అని మానేసినవాళ్లకు ఆరోగ్యం అనే పెద్దమనిషి తరహా కారణం కూడా దొరికింది.

ఆ తర్వాతే బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో అద్దాల తలుపుల స్టూడియోలు వచ్చాయి. ఒకసారి వాడి పారేసే సూదులు, చేతికి గ్లౌజులు, సంతకం పెట్టే కాగితం. మిషన్ కొత్తదేం కాదు, శామ్యూల్ ఓరైలీ అనే అతను న్యూయార్క్‌లో 1891లోనే దానికి పేటెంట్ తీసుకున్నాడు. మారింది గుచ్చే చెయ్యి, గుచ్చే చోటు, ధర. ఎరుకలామె చేతిలో ఉన్నంతకాలం మోటుగా కనిపించింది ఏసీ గదిలోకి వెళ్లాక స్టైల్ అయింది. ఇంకో తేడా కూడా ఉంది. నాయనమ్మ చేతి మీద ఏం ఉండాలో పెద్దలు తేల్చారు, ఆమెను ఎవరూ అడగలేదు. మనవరాలు తనకు కావాల్సింది తనే ఎంచుకుని డబ్బు కట్టి వేయించుకుంది. తల్లికి కష్టంగా ఉన్నది సిరా కన్నా ఇదేనేమో.

కప్పాలనేవాళ్ల దగ్గర గట్టి మాటలు లేవని కాదు. పాత ప్రేమికుడి పేరు మెడ మీద పెట్టుకుని పీటల మీద కూర్చోవాలని ఏ పిల్లా కోరుకోదు, అక్కడ తగువే లేదు. చర్చిలో పెళ్లి చేసుకునేవాళ్లకు లేవీయకాండం 19వ అధ్యాయం 28వ వచనం ఉంది. పచ్చబొట్లు పొడిపించుకోవద్దని అందులో సూటిగానే ఉంది కాబట్టి పాస్టరుగారు అడిగితే జవాబు చెప్పాలి. హిందూ పెళ్లిలో శాస్త్రం ఒప్పుకోదు అనే మాట మాత్రం నిలవదు. కాల్చిన శంఖచక్రాలతో భుజాల మీద ముద్రలు వేయించుకునే వైష్ణవ ఇళ్లలో ఆడవాళ్లకూ ఆ ముద్రలుంటాయి. వాటి మీద ఎవరూ పౌడర్ అద్దరు.

ఇంతకీ పీటల మీద ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు? పై చేతి మీదిది వంకీ కింద సగం పోతుంది. మణికట్టు మీదిదాన్ని గాజులు చూసుకుంటాయి. వీపు మీదిదాన్ని పూలజడ కప్పేస్తుంది. మెడ వెనకదే చిక్కు. మూడుముళ్లు వేసేటప్పుడు ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంటుంది, కెమెరాలన్నీ అక్కడే ఉంటాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు ముంజెయ్యి, సన్నికల్లు తొక్కి మెట్టెలు పెట్టించుకునేటప్పుడు చీలమండ బయటపడతాయి. మెహందీ నలుపును దాచదు, చూపును పక్కకు తిప్పుతుందంతే.

మేకప్‌తో కప్పడానికి ముందు నారింజ రంగు కరెక్టర్ వేస్తారు, నీలం నలుపు ఛాయను అది చంపుతుంది. దాని మీద చర్మం రంగు కన్సీలర్‌ను రుద్దకుండా అద్దుతారు, ఆపైన పౌడర్, స్ప్రే. ఏసీ హాల్లో నిలుస్తుంది. హోమం పక్కన చెమటకు, తలంబ్రాల పసుపు బియ్యం రాసుకుపోతే అంచులు లేస్తాయి, పట్టుచీర అంచుకు మరక పడుతుంది. లేజర్‌తో తీయించేస్తే పోలా అని పెళ్లికి రెండు నెలల ముందు డాక్టర్ దగ్గరికి పరుగెత్తేవాళ్లున్నారు. ఒక సిటింగ్‌కూ ఇంకో సిటింగ్‌కూ మధ్య కొన్ని వారాలు ఆగాలి, సిటింగులు చాలా పడతాయి, ఆకుపచ్చ, పసుపు రంగులు అయితే మరీ మొండివి. రెండు నెలల్లో తేలే పని కాదది.

చాలా ఇళ్లలో చివరికి కుదిరే రాజీ ఒకటే: ముహూర్తానికి కప్పడం, రిసెప్షన్‌కు వదిలేయడం. దీన్ని మేకప్ బుక్ చేసుకునేటప్పుడే, బ్లౌజ్ కొలతలు ఇచ్చేటప్పుడే తేల్చుకుంటే నయం, పీటల దాకా వచ్చాక వియ్యాలవారి ముందు గుసగుసలు పడే బాధ తప్పుతుంది. నిజానికి ఆ వియ్యాలవాళ్లలో సగం మంది పచ్చబొట్టును అమ్మాయి ఇన్‌స్టాగ్రామ్‌లో ఎప్పుడో చూసే ఉంటారు. ఈ గొడవలన్నిట్లో పెళ్లికొడుకు చేతి మీది సింహం సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. కప్పమని అతన్ని ఎవరూ అడగరు కాబట్టి మేకప్ ప్యాకేజీల్లో దానికి రేటు కూడా కనిపించదు.